ఆడిషన్లకి ఒక ఏడాది ఆగడమా, వచ్చిన సీటులో చేరిపోవడమా: ఏది మేలు?

మా అమ్మాయికి పాట, నటన, నాట్యం కలిపి నేర్పే మ్యూజికల్ థియేటర్ డిగ్రీలో సీటు రాలేదని తెనాలిలో ఉన్న అమ్మకి ఫోన్లో చెప్పాను. ఒక ఏడాది ఆగి కాలేజీలకి మళ్లీ ఆడిషన్లు ఇస్తానంటోందని కూడా చెప్పాను. "అంటే లాంగ్‌టర్మ్ అన్నమాట. ఇవ్వనీ, పిల్ల మనసు పడింది కదా" అంది అమ్మ. ఇక్కడ న్యూజెర్సీలో మా స్నేహితులకి అరగంట వివరించినా ఎక్కనిది అమ్మకి ఒక్క మాటలో ఎక్కింది. మెడికల్ సీటు కోసం ఏడాది పాటు లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో కూర్చున్న పిల్లలు ప్రతి వీధిలోనూ ఉంటారు కదా మనకి.

కానీ ఆ పోలిక సగం వరకే నడుస్తుంది. లాంగ్‌టర్మ్‌లో కూర్చునే పిల్లకి తను ఎన్ని మార్కుల దూరంలో ఆగిపోయిందో తెలుసు. సిలబస్, పరీక్ష పెద్దగా మారవు, మార్కులు పెరిగితే సీటు వస్తుంది. ఆడిషన్‌లో మార్కులు లేవు. ఎందుకు తీసుకోలేదో మామూలుగా చెప్పరు. పైగా ఒక్కో క్లాసులో పన్నెండు మందో, ఇరవై మందో, మహా అయితే పాతిక మందో ఉంటారు. ఆ కొద్దిమందినీ వాళ్లు ఒక నాటక సమాజానికి నటుల్ని పోగుచేసినట్టు కూర్చుకుంటారు. పైస్థాయిలో పాడే అమ్మాయిలు ఇద్దరు దొరికాక మూడో అమ్మాయి ఎంత బాగా పాడినా చోటుండదు. అబ్బాయిలు తక్కువమంది వస్తారు కాబట్టి వాళ్లకి కాస్త నయం. అందుకని "ఇంకా కష్టపడితే వస్తుంది" అనే మాట ఇక్కడ పూర్తిగా నిజం కాదు. ఏడాది ఆగాలా వద్దా అని లెక్క వేసేటప్పుడు ముందు ఈ విషయాన్ని మనసుకి పట్టించుకోవాలి.

మా ఇంట్లో ఆ ఏప్రిల్‌లో మూడు దారులు కనిపించాయి. ఒకటి, ఆడిషన్ లేకుండానే సీటిచ్చిన ఒక యూనివర్సిటీలో థియేటర్ బీఏ చదవడం. రెండు, అదే సీటులో చేరి మరుసటి ఏడు బీఎఫ్‌ఏకి మారేందుకు ప్రయత్నించడం. మూడు, ఎక్కడా చేరకుండా ఏడాది ఆగి మళ్లీ ప్రయత్నించే గ్యాప్ ఇయర్. ఈ బీఏకీ బీఎఫ్‌ఏకీ తేడా తెలియని వాళ్ల కోసం ఒక్క మాట: బీఎఫ్‌ఏలో, అంటే బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో, సుమారు మూడింట రెండొంతులు పాట, నటన, నాట్యం శిక్షణే ఉంటుంది. బీఏలో మిగతా సబ్జెక్టుల పాలు ఎక్కువ, పక్కన ఇంకో మేజర్ కూడా చేసుకోవచ్చు.

రెండో దారి గురించి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులకి అదే క్షేమంగా కనిపిస్తుంది. మాకూ అలాగే కనిపించింది. ముందు చేరనిద్దాం, తర్వాత మార్పిద్దాం అనుకున్నాం. విచారిస్తే తెలిసింది, బీఎఫ్‌ఏకి మారిన పిల్లల్ని చాలాచోట్ల మళ్లీ మొదటి ఏడాదిలోనే కూర్చోబెడతారు. స్టూడియో క్లాసులు వరసక్రమంలో నాలుగేళ్లు సాగుతాయి కాబట్టి మధ్యలో దూర్చరు. అంటే ఆ మొదటి కాలేజీకి కట్టిన ఏడాది ఫీజు చాలావరకు పోయినట్టే. దానికి తోడు కొత్తగా చేరే పిల్లలకిచ్చే పెద్ద స్కాలర్‌షిప్‌లు ట్రాన్స్‌ఫర్ పిల్లలకి చాలాచోట్ల దొరకవు. ప్రైవేటు యూనివర్సిటీల్లో చదువు, వసతి కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటే చోట్లు ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. కొత్త కాలేజీలో స్నేహాలు, క్లాసులు, హాస్టల్ గదితో పాటు మళ్లీ పదిహేను ఆడిషన్లకి తయారవడం పద్దెనిమిదేళ్ల పిల్లకి ఎంత భారమో కూడా ఆలోచించండి. మూడింటిలోనూ నాకు అన్నిటికంటే తక్కువ నచ్చిన దారి ఇదే.

ఇక మిగిలింది బీఏకీ గ్యాప్ ఇయర్‌కీ మధ్య పోటీ.

గ్యాప్ ఇయర్ అనగానే పన్నెండు నెలలు చేతిలో ఉన్నాయనుకుంటాం. లేవు. ఫలితాలు మార్చి చివరికి, ఏప్రిల్ మొదటికి వస్తాయి. మే 1 లోపు ఏదో ఒక కాలేజీకి డిపాజిట్ కట్టాలి. లైవ్ ఆడిషన్‌కి పిలవాలో వద్దో తేల్చడానికి కాలేజీలు ముందు అడిగే ప్రీస్క్రీన్ వీడియోల గడువులు అక్టోబర్ నుంచి డిసెంబర్ మొదటి వారం దాకా పరుచుకుని ఉంటాయి. అంటే ఏడుపు తుడుచుకుని కెమెరా ముందు మళ్లీ నిలబడడానికి మధ్యలో ఉన్నది ఆరేడు నెలలు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో న్యూయార్క్, షికాగో, లాస్ ఏంజెలెస్ హోటళ్లలో చాలా కాలేజీలు ఒకేచోట కూర్చుని తీసుకునే యూనిఫైడ్ ఆడిషన్ల దాకా లెక్కపెట్టినా తొమ్మిది పది నెలలే. అందుకే అసలు అడగాల్సిన ప్రశ్న ఇది: మా పిల్లకి తక్కువైనది ఆరేడు నెలల్లో పూడ్చగలిగేదేనా?

మా అమ్మాయి విషయంలో జవాబు అవును. ఆరేళ్ల వయసు నుంచి కర్ణాటక సంగీతం, తొమ్మిదేళ్లు కూచిపూడి. బ్యాలే మాత్రం రెండేళ్లే. ఇక్కడి పిల్లలు మూడో ఏట నుంచి బ్యాలే, ట్యాప్, జాజ్ నేర్చుకుంటూ వస్తారు. కూచిపూడిలో అరమండిలో కూర్చుని బరువు నేలలోకి దించుతాం. బ్యాలేలో మోకాలు బిగించి ఒళ్లంతా పైకి లాగి నిలబడాలి. ఒక శరీరానికి ఈ రెండు మాటలూ ఒకేసారి చెప్పడం కష్టం. అందరిచేతా కలిపి నాట్యం చేయించి చూసే డ్యాన్స్ కాల్‌లో అరవైమంది మధ్య నాలుగు నిమిషాల్లో నేర్పిన వరసని పట్టుకోవాల్సి వచ్చినప్పుడు మా అమ్మాయి కాళ్లకి తాళం దొరికేది, చేతులకి రూపం దొరికేది కాదు.

పాటలోనూ అంతే. గొంతుకి లోటు లేదు. కానీ ఒకే శ్రుతిని పట్టుకుని పాడిన పిల్లకి పాట మధ్యలో కీ మారిపోతే నేల కదిలినట్టుంటుంది. స్వరాన్ని గమకంతో కదిలించడం అలవాటైన గొంతు, కదలకుండా నిలబెట్టాల్సిన చోట కూడా కొద్దిగా ఊగుతుంది. ఛాతీ గొంతుతో పైకి వెళ్లే బెల్ట్, దాన్నీ తలగొంతునీ కలిపే మిక్స్ పూర్తిగా వేరే సాధన. పియానో వాయించేవారికి ముప్పై సెకన్లలో వేగం ఎంతో, ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో చెప్పి పాడాలి. మన కచేరీల్లో పక్కవాద్యాలవాళ్లు గాయకుల వెంట నడుస్తారు. ఇక్కడ ముందుగా కాగితం మీద గీసి ఇవ్వాలి.

ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవి, నేర్పేవాళ్లు ఉన్నవి. అందుకే గ్యాప్ ఇయర్ మాకు అర్థవంతమైంది. పదిహేడుకీ పంతొమ్మిదికీ మధ్య గొంతు తనంతట తానే కొంత ముదురుతుంది కూడా, ఆ లాభం ఉచితం. కానీ పదేళ్లుగా బ్యాలే చేసి, నాలుగు స్కూల్ నాటకాల్లో ప్రధాన పాత్రలు వేసి, మంచి టీచర్ దగ్గర తయారై, పదిహేను చోట్ల అడిగి పదిహేను చోట్లా లేదనిపించుకున్న పిల్లకి ఇంకో ఏడాది అదే పని చేయడం వల్ల ఏం మారుతుందో నేను చెప్పలేను. అలాంటి పిల్లకి మారాల్సింది ఎక్కువసార్లు కాలేజీల జాబితా. జాబితా నిండా మిషిగన్, కార్నెగీ మెలన్, సిన్సినాటి సీసీఎం, ఎన్‌వైయూ లాంటి, అందరూ పోటీపడే పేర్లే ఉంటే అది పిల్లల తప్పు కాదు, దారి చూపించిన పెద్దవాళ్లది. అలాంటప్పుడు ఏప్రిల్, మే నెలల్లో కూడా సీట్లు మిగిలి ఆడిషన్లు తీసుకునే ప్రోగ్రామ్‌లు కొన్ని ఉంటాయి, ముందు వాటిని వెతకడం మేలు.

వైల్డ్‌కార్డ్ గురించి చెప్పకుండా ఉండలేను. చాలా కాలేజీలు ఒప్పుకునే కామన్ ప్రీస్క్రీన్‌లో రెండు పాటలు, ఒకటో రెండో మోనోలాగ్‌లు (ఒక్కరే చెప్పే డైలాగులు), డ్యాన్స్ వీడియో కాకుండా, పిల్లలు తమ గురించి ఏదైనా చూపించుకోవడానికి ఒక చిన్న వీడియో పెట్టే అవకాశం ఇస్తారు, అదే వైల్డ్‌కార్డ్. మొదటి ఏడాది మా అమ్మాయి ఇత్తడి పళ్లెం మీద తరంగం పెడతానంది. అది ఇక్కడివాళ్లకి అర్థం కాదు, వేరే ఏదైనా పెట్టమ్మా అని నేనే అన్నాను. ఆ మాటకి ఇప్పటికీ బాధపడుతున్నాను. రెండో ఏడాది నన్ను అడగలేదు, పెట్టేసింది. లైవ్ ఆడిషన్లలో మూడు చోట్ల ఆ పళ్లెం గురించే ముందు అడిగారట. తను నేర్చుకున్నదాన్ని దాచుకోకుండా వెంట తీసుకెళ్లగలనన్న ధైర్యం ఆ ఏడాదిలోనే వచ్చింది దానికి. ఒకరకంగా బ్యాలే కంటే అదే పెద్ద లాభం అనుకుంటాను.

డబ్బు లెక్క. మా అమ్మాయి మధ్యాహ్నాలు ఒక బేకరీలో పనిచేసింది. సాయంత్రాలు రైలెక్కి న్యూయార్క్ వెళ్లి స్టెప్స్‌లోనో, బ్రాడ్‌వే డ్యాన్స్ సెంటర్‌లోనో, అంటే అక్కడి డ్యాన్స్ స్టూడియోల్లో, క్లాసు చేసి వచ్చేది. అక్కడ ఏడాదికి చేరనక్కరలేదు, ఏ రోజుకారోజు డబ్బు కట్టి వెళ్లొచ్చు. పాట టీచర్‌కి వారానికి వంద డాలర్ల పైన అయ్యేది. ఊళ్లోవాళ్లు కలిసి ఆడే రెండు కమ్యూనిటీ థియేటర్ నాటకాల్లో కోరస్, అంటే గుంపులో వేషం, వేసింది, వాటికి ఖర్చు లేదు, జీతమూ లేదు. మళ్లీ అప్లికేషన్లు, ప్రయాణాలు, హోటళ్లు. మొత్తం కలిపినా ఒక సెమిస్టర్ ఫీజుకి చాలా దూరంలో ఆగింది. ఇంటర్‌లాకెన్ లాంటి ఆర్ట్స్ అకాడమీల్లో పన్నెండో తరగతి తర్వాత ఒక పోస్ట్ గ్రాడ్యుయేట్ ఏడాది కూడా ఉంటుంది, అయితే అక్కడ ఉండి చదవాలి, ఖర్చు వేరే స్థాయిలో ఉంటుంది. ఊరికి దగ్గర్లో మంచి టీచర్లు లేనివాళ్లకి అది ఆలోచించదగ్గదే. ఇన్సూరెన్స్‌కి భయం లేదు, ఇరవై ఆరేళ్ల దాకా పిల్లలు తల్లిదండ్రుల ప్లాన్‌లో ఉండొచ్చు.

ఒక చోట మాత్రం జాగ్రత్త. ఖాళీగా ఎందుకని కమ్యూనిటీ కాలేజీలో నాలుగు కోర్సులు తీసుకుంటే, కొన్ని యూనివర్సిటీలు ఆ పిల్లని కొత్తగా చేరే ఫ్రెష్‌మన్‌గా కాక ట్రాన్స్‌ఫర్‌గా లెక్కగడతాయి, స్కాలర్‌షిప్ మీద దెబ్బ పడుతుంది. ఎన్ని క్రెడిట్ల దాకా పరవాలేదో ఒక్కో కాలేజీ నియమం ఒక్కో రకం. ప్రతిచోటా ఈమెయిల్ రాసి, జవాబు దాచుకోండి. సీటు వచ్చాక ఏడాది వాయిదా వేయొచ్చు కదా అనే ఆశ కూడా పెట్టుకోకండి. ఆడిషన్‌తో ఇచ్చే సీట్లని చాలా ప్రోగ్రామ్‌లు మరుసటి ఏడాదికి దాచిపెట్టవు, మళ్లీ ఆడిషన్ ఇవ్వమంటాయి.

తల్లిదండ్రుల ఉద్యోగ వీసాని బట్టి వచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లల సంగతి వేరు, మన ఇళ్లలో వాళ్లు చాలామంది. వాళ్లు బేకరీలో పనిచేయడానికి లేదు. జీతమిచ్చే నాటకంలో వేషం వచ్చినా తీసుకోవడానికి లేదు. చదువుకి కేంద్ర ప్రభుత్వమిచ్చే ఫెడరల్ సాయానికి అర్హత లేదు. ఇరవై ఒకటో పుట్టినరోజుకి హెచ్-4 ముగుస్తుంది, ఆలోగా విద్యార్థి వీసా ఎఫ్-1కి మారాలి. ఏడాది ఆగితే ఆ రోజు చదువులో ఇంకా ముందుగా, రెండో ఏడాదిలోనో మూడో ఏడాది మొదట్లోనో వచ్చి పడుతుంది. ఇప్పటికే ఎఫ్-1 మీద ఉంటే ఊరికే ఏడాది ఆగి ఈ దేశంలో ఉండడం కుదరదు, పూర్తికాలం చదువుతూనే ఉండాలి. ఈ ఇళ్లలో వచ్చిన సీటులో చేరడమే మేలని నా అభిప్రాయం. తప్పదనుకుంటే లాయర్‌ని అడగకుండా అడుగు వేయొద్దు.

బీఏ వైపు కూడా న్యాయంగా మాట్లాడాలి. న్యూయార్క్‌లో పెద్ద నాటకాలాడే బ్రాడ్‌వేలో ఆడిషన్‌కి వెళ్తే డిగ్రీ ఏదని ఎవరూ అడగరు. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో థియేటర్ చదువు బీఏనే, అక్కడి నుంచి వచ్చిన నటులు కొల్లలు. మా ఎదురింటి అబ్బాయికి మా అమ్మాయి లాగే అన్నిచోట్లా కాదన్నారు. వాడికి లెక్కలు కూడా ఇష్టం. స్టాటిస్టిక్స్, థియేటర్ రెండూ తీసుకుని రాష్ట్ర యూనివర్సిటీలో చేరాడు. మొదటి ఏడాదే రెండు నాటకాల్లో వేశాడు. మా అమ్మాయికి ఆ ఏడాది వేదిక మీద దొరికింది కోరస్ మాత్రమే. ఇంకో ఇష్టం ఉన్న పిల్లలకి, ఒంటరిగా ఇంట్లో కూర్చుంటే కుంగిపోయే పిల్లలకి, చుట్టూ స్నేహితులు ఉంటేనే పనిచేసే పిల్లలకి గ్యాప్ ఇయర్ మంచిది కాదు. సెప్టెంబర్‌లో స్నేహితులందరూ హాస్టల్ గదుల ఫోటోలు పెడుతుంటే మా అమ్మాయి రెండు వారాలు సరిగ్గా తినలేదు. దేవాలయంలో కనిపించిన ప్రతివాళ్లూ ఏ కాలేజీ అని అడిగేవారు. ఆ టెన్షన్ తట్టుకోగలదా అని ముందే కూర్చుని మాట్లాడుకోండి, పిల్ల చెప్పేది వినండి.

మావారి భయం ఇంకోటి, మనలాంటి పిల్లలకి అక్కడ వేషాలుంటాయా అని. 2004లో ఎ.ఆర్. రెహమాన్ సంగీతంతో బ్రాడ్‌వేకి వచ్చిన మ్యూజికల్‌లో హీరోగా వేసిన మను నారాయణ్ పిట్స్‌బర్గ్‌లో పుట్టి, అక్కడే కార్నెగీ మెలన్‌లో నాటకం చదివినవారు. ఇరవై ఏళ్ల కిందటి మాట అది. ఈ సంగతి చెప్పాక మావారు ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

రెండోసారి పద్దెనిమిది చోట్ల పంపింది. మొదటిసారి ఐదు ప్రీస్క్రీన్లు దాటితే ఈసారి పదకొండు దాటాయి. చివరికి మూడు చోట్ల సీటు వచ్చింది. మొదటి ఏడాది ఎంతో ఆశపడిన కాలేజీ ఈసారీ కాదంది. ఆ గదిలో, నిరుడు కూడా వచ్చావు కదా, ఈ ఏడాదంతా ఏం చేశావు అని అడిగారట. బ్యాలే గురించి, బేకరీ గురించి, తెనాలిలో అమ్మమ్మ ఫోన్లో పద్యాలు పాడించుకోవడం గురించి చెప్పానంది. చేరింది ఒహాయోలో ఒక చిన్న ఊళ్లో, మొదటి ఏడాది మా జాబితాలోనే లేని చోట. ఇత్తడి పళ్లెం సూట్‌కేస్ అడుగున, బట్టల మధ్య పెట్టి తీసుకెళ్లింది.