క్లినిక్ వాళ్ళు రాసిచ్చిన రిఫర్ చీటీ పట్టుకుని గుడ్డిగా పరిగెత్తకండి

వైజాగ్ వాళ్ళు, ముఖ్యంగా గోపాలపట్నం పెందుర్తి వైపు ఉండేవాళ్ళు, కాస్త చదవండి. పోయిన నెల పొద్దున్న ఆరున్నరకి మా నాన్న కాఫీ తాగుతుంటే గ్లాసు చేతిలోంచి జారిపోయింది, మూతి ఓ పక్కకి పోయింది, మాట ముద్దముద్దగా వస్తోంది. కంగారులో సందు చివర క్లినిక్కే కదా అని ఆటోలో తీసుకెళ్ళిపోయాం. ఆ తప్పు మాదే, ఒప్పుకుంటా.

అక్కడ బీపీ చూసి నాలుక కింద ఏదో మాత్ర పెట్టి, సెలైన్ ఎక్కించి, చూద్దాం చూద్దాం అని తొమ్మిది దాకా ఉంచేశారు. అప్పుడు పెద్ద హాస్పిటల్‌కి రిఫర్ అన్నారు. కాంపౌండర్ డ్రాయర్‌లోంచి చీటీ తీశాడు, దాని మీద ఆ హాస్పిటల్ పేరు ఊదా రంగు స్టాంపు ముందే కొట్టేసి ఉంది, పేషెంట్ పేరు రాయడమే తరువాయి. మేం ఎవరికీ ఫోన్ చేయలేదు, ఐదు నిమిషాల్లో అంబులెన్స్ గుమ్మం ముందుంది! మూడున్నర వేలు. 108 అయితే పైసా అడగరు, ఆ టైంలో బుర్ర పనిచేస్తే కదా.

ఆ హాస్పిటల్ క్యాజువాలిటీలో ముందడిగింది ఏ క్లినిక్ నుంచి వచ్చారండి అని, అది రిజిస్టర్‌లో ఎక్కాకే స్ట్రెచర్ కదిలింది. ఇరవై వేలు అడ్వాన్స్ కట్టించుకుని అప్పుడు చెప్పారు, సీటీ స్కాన్ మెషీన్ రిపేర్లో ఉందట, న్యూరో డాక్టర్ సాయంత్రం వస్తారట. అక్కణ్ణుంచి పెద్ద గవర్నమెంట్ ఆసుపత్రి కేజీహెచ్‌కి పట్టుకుపోయేసరికి పదకొండున్నర.

కేజీహెచ్‌లో డ్యూటీ డాక్టరమ్మ ఆ చీటీ అటూ ఇటూ తిప్పి చూశారు. పక్షవాతం అని రాసి పక్కనో ప్రశ్నార్థకం, అంతే. ఎన్నింటికి మొదలైంది, బీపీ ఎంత, ఏ మాత్ర పెట్టారు, ఒక్క ముక్క లేదు. సీటీ తీస్తే మెదడులో రక్తస్రావం కాదు, రక్తం గడ్డే అన్నారు. గడ్డ కరిగించే ఇంజక్షన్ మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలంట, మేం గుమ్మం తొక్కేటప్పటికే అరగంట దాటిపోయింది. పైగా నాలుక కింద మాత్రతో బీపీ ఒక్కసారి పడిపోతే మెదడుకి రక్తం ఇంకా తగ్గిపోద్దని చీవాట్లు పెట్టారు. ఇప్పుడు నాన్న కుడిచేత్తో ముద్ద కలుపుకోలేరు, అమ్మ కలిపి పెడుతోంది.

రిఫర్ చేసినందుకు డాక్టర్ కమిషన్ తీసుకోకూడదని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ రూల్స్‌లోనే ఉంది. మా విషయంలో తీసుకున్నారని నేను నిరూపించలేను, ఆ స్టాంపు సంగతి మీరే ఆలోచించుకోండి. అందరూ ఇలాంటోళ్ళే అనట్లేదు, మా పాపకి ఫిట్స్ వచ్చినప్పుడు వేరే డాక్టర్ గారు తనే ఫోన్ చేసి బెడ్ ఉందో లేదో కనుక్కుని మరీ పంపించారు.

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా క్లినిక్ మెట్లెక్కకండి, 108కి కొట్టి సీటీ ఉన్నచోటికే పోనివ్వమనండి. ఆల్రెడీ క్లినిక్‌లో ఉంటే, పంపే హాస్పిటల్‌కి అక్కణ్ణుంచే ఫోన్ చేయించి సీటీ ఇప్పుడు నడుస్తోందా, డాక్టర్ ఉన్నారా అడగండి, విసుక్కున్నా సరే. చీటీలో టైమూ మందులూ రాయకపోతే వెనకాల మీరే రాసేయండి. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డున్నవాళ్ళు అడ్వాన్స్ కట్టేముందే, హాస్పిటల్లో ఆ పథకం పనులు చూసే వైద్యమిత్ర ఎక్కడ అని అడగండి.

ఆ ఇరవై వేలల్లో పన్నెండు వేలు వెనక్కిచ్చారు. మిగతా ఎనిమిది వేలకి బిల్లడిగితే నాలుగు రోజుల్నుంచి సిస్టమ్ డౌన్ అంటున్నారు.