నడుము, తుంటి నొప్పికి ఫిజియోథెరపీ ప్యాకేజీ కొనబోయేవాళ్లు జాగ్రత్త: ముందు ఆ జిరాక్సు కాగితం చూడండి

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు, ఊరేదైనా ఈ బేరం ఒకే మాదిరి నడుస్తుంది. ఇన్ని సిట్టింగులు, ఒక బెల్టు, ఒక రబ్బరు బ్యాండు, ఇంట్లో చేసుకునే ఎక్సర్‌సైజుల కాగితం, అన్నీ కలిపి ఒక రేటు. డబ్బంతా ముందే కట్టాలి. చేత్తో పట్టి చూసి, నాలుగు సిట్టింగుల్లో దారిలో పెట్టి పంపే ఫిజియోలు కూడా ఈ ఊళ్లలోనే ఉన్నారు, వాళ్ల గురించి కాదు ఇది. మనిషిని చూడకుండా ప్యాకేజీ అంటగట్టే చోట్ల గురించి.

అసలు సంగతి ఆ కాగితంలోనే బయటపడుతుంది. పన్నెండు బొమ్మలుంటాయి, జిరాక్సుకు జిరాక్సు తీసీ తీసీ మొహాలు చెరిగిపోయి. అన్నిటికీ పెన్నుతో టిక్కు. ఎన్నిసార్లు, ఎంతసేపు అన్న చోట ఖాళీ. ఒక బొమ్మలో మనిషి నిలబడి వంగి కాలివేళ్లు అందుకుంటుంటాడు. కిందే ఇంకో బొమ్మలో బోర్లా పడుకుని ఛాతీ పైకి లేపుతుంటాడు. ఈ రెండూ ఒకే మనిషికి మొదటి రోజే రాసిచ్చారంటే చూడకుండా రాసినట్టే. డిస్కు వల్ల పిక్కదాకా లాగేవాళ్లకు మామూలుగా ముందుకు వంగితే నొప్పి ఎక్కువవుతుంది. వెన్నులో నరాల దారి ఇరుకైన పెద్దవాళ్లకు దీనికి వ్యతిరేకం: కాస్త దూరం నడిస్తే కాళ్లు బరువెక్కుతాయి, కూర్చుంటేనో ముందుకు వాలితేనో తేలికపడతాయి, వెనక్కి వంచితే మళ్లీ మొదలు. అయినా పొద్దుగూకులూ వంగి నాట్లేసి వచ్చిన మనిషికి, ఇంటికెళ్లి మళ్లీ వంగమని రాయడం ఏంది?

మొదటి రోజు కనీసం అరగంట చూడాలి. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు లేపి, ఎంత ఎత్తులో ఎక్కడిదాకా లాగుతోందో అడగాలి. మడమల మీద, మునివేళ్ల మీద నడిపించాలి. కాలి బొటనవేలు పైకి లేపమని, చేత్తో అదిమి బలం చూడాలి. ముందుకు, వెనక్కి పదేసిసార్లు కదిలించి నొప్పి ఎటు జరుగుతోందో కనిపెట్టాలి. ఇవేవీ లేకుండా ఎమ్మారై రిపోర్టు తిరగేసి ‘ఎల్4-ఎల్5 (నడుము కింది రెండు పూసలు) దగ్గర గ్యాప్ వచ్చింది’ అన్నారంటే లేచి వచ్చేయొచ్చు. నొప్పి లేనివాళ్ల స్కానులను కలిపి చూసి 2015లో ప్రచురించిన పరిశీలనలో, యాభై ఏళ్లవాళ్లలో నూటికి 60 మందికి డిస్కు ఉబ్బు కనబడింది. రిపోర్టులో ఉన్న ప్రతి మాటా మీ నొప్పికి కారణం కాదు.

ఇక ఎక్సర్‌సైజులు. కాగితంలో మంచివే ఉంటాయి, చేయించే తీరులో చెడుతుంది. బ్రిడ్జి తీసుకోండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు వంచి, మడమలు పిరుదులకు జానెడు దూరంలో పెట్టాలి. ముందు పిరుదులు బిగించి, ఆ తర్వాత నడుము లేపాలి. భుజాల నుంచి మోకాళ్లదాకా ఒకే వాలుగా రాగానే ఆగి 5 సెకన్లు నిలిపి, మెల్లగా దించాలి. 8 నుంచి 10 సార్లు, రెండు విడతలు. తొడ వెనక పట్టేస్తోందంటే పాదాలు దూరంగా ఉన్నట్టు. నడుములో పిండినట్టుంటే మరీ ఎత్తుకు లేపుతున్నట్టు. ఎవరో ఒకరు పక్కన నిలబడి ఈ రెండూ చెప్పకపోతే, నెలంతా చేసినా తొడ వెనక కండకే పని, పిరుదుకు కాదు.

బ్యాండు కట్టి మోకాలు తెరిచేదీ అంతే. పక్కకు తిరిగి పడుకుని, మడమలు రెండూ ఆనించి, పై మోకాలు లేపాలి. పై తుంటి వెనక్కి దొర్లిపోతే మోకాలు ఎంత ఎత్తుకు లేచినా లాభం లేదు. ముందు వారం బ్యాండు లేకుండా 12 సార్లు చేయించి, తుంటి కదలకుండా వచ్చాకే బ్యాండు కట్టాలి. కిట్టులో ఇచ్చే రబ్బరు బ్యాండు సాగదీసి వెలుతురులో చూడండి. సన్నటి పగుళ్లు కనబడితే తీసుకోవద్దు, తెగి మొహాన కొడుతుంది. మన ఎండలకు డాబా మీదో కిటికీలోనో వదిలేస్తే కొత్తది కూడా పాడవుతుంది.

బోర్లా పడుకుని చేసేది డిస్కు వల్ల కాలు లాగే చాలామందికి పనికొస్తుంది, కానీ ఒక కొలత ఉంది. మోచేతుల మీద రెండు నిమిషాలు ఆనాలి. తర్వాత అరచేతులతో ఛాతీ లేపాలి, తుంటి నేలమీదే ఉండాలి, 10 సార్లు. పిక్కలో ఉన్న నొప్పి తొడకు, తొడలోది నడుముకు ఎక్కుతుంటే సరైన దారి, నడుములో కాస్త పెరిగినా పరవాలేదు. కిందికి దిగుతుంటే వెంటనే ఆపాలి. ‘నొప్పి ఓర్చుకోండి, అలవాటవుతుంది’ అనే చోట ఈ తేడా ఎవరూ అడగరు. రెండు కాళ్లూ ఒకేసారి చాపి లేపేది, సిటప్పులు కాగితంలో ఉంటే కొట్టేయండి. పొద్దున లేవగానే వంగే ఎక్సర్‌సైజులు వద్దు. రాత్రంతా పడుకున్నాక డిస్కు నీరు పట్టి బిగిసి ఉంటుంది, ఓ గంట ఆగండి.

బెల్టు, ట్రాక్షన్ (నడుమును లాగి పట్టడం), కరెంటు పెట్టడం, అల్ట్రాసౌండ్: నడుము నొప్పికి ఇవి ఇవ్వొద్దని బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు 2016లోనే రాశాయి. ప్యాకేజీలో సగం రేటు వీటికే పోతుంటుంది.

నడుము నొప్పి అనుకుని వైద్యం చేస్తుండగా తుంటి కీలు దెబ్బతినిపోవడం ఇంకా ఘోరం. నొప్పి గజ్జలో ఉండి, బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోతుంటే, చెప్పులు వేసుకోవడం కష్టమైతే, నడుముకు కరెంటు పెట్టించుకుని లాభం లేదు. తొడ ఎముక తలకు రక్తం అందక పాడయ్యే జబ్బు ఇలాగే మొదలవుతుంది. స్టెరాయిడ్లు వాడినవాళ్లు, బాగా తాగేవాళ్లు మరీ జాగ్రత్త. మొదట్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, ఎముకల డాక్టరు దగ్గర ఎమ్మారై అడగండి.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు వాళ్లకు ఇంకో మాట. ఆ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, ఫ్లోరైడు నీళ్లతో వెన్ను కొయ్యబారే జబ్బు గురించి డాక్టర్లు రాశారు. లిగమెంట్లు గట్టిపడి నరాల దారి ఇరుకైన వెన్నును ‘టప్’మని విరిచే వైద్యం ప్రమాదం. ఎక్స్‌రే లేకుండా మెడ మీదా నడుము మీదా చెయ్యి వేయనివ్వొద్దు.

మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మర్మస్థానం చుట్టూ తిమ్మిరెక్కినా, పాదం వేలాడినా సిట్టింగుల మాట పక్కన పెట్టి అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి. జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం నడుము నొప్పితో కలిసి ఉంటే క్షయ ఏమోనని చూపించుకోవాలి.

డబ్బు ఏ సిట్టింగుకు ఆ సిట్టింగు కట్టండి. తప్పక ముందే కట్టాల్సి వస్తే రసీదు మీద సిట్టింగుల లెక్క, ఒక్కోదాని రేటు, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో రాయించుకోండి. ఎగ్గొడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయొచ్చు, లేదా రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. ఆ టిక్కులు పెట్టిన కాగితం పారేయకుండా రసీదుతో పాటే దాచండి.