గైడ్లు, చీట్ కోడ్లు: ఇరవై ఏళ్లు వాడిన తర్వాత

2004లో గుంటూరులో మా ట్యూషన్ సందు చివర ఒక నెట్ సెంటర్ ఉండేది. గంటకు 15 రూపాయలు. ప్రతి మానిటర్ పక్కనా గోడకి ఒక కాగితం అంటించి, దాని మీద బాల్‌పెన్నుతో జీటీఏ వైస్ సిటీ అనే ఆట చీట్లు, అంటే ఆటలో దొడ్డిదారిన సాయం తెచ్చే రహస్య కోడ్లు, రాసి ఉండేవి. పాంజర్ అని టైప్ చేస్తే ఎదురుగా యుద్ధ ట్యాంకు వచ్చి పడుతుంది. లీవ్ మీ అలోన్ అని ఖాళీ లేకుండా కొడితే వెంటపడే పోలీసులు వదిలేస్తారు. ఆ ఆటలో మిషన్లు, అంటే ఒకదాని తర్వాత ఒకటి పూర్తి చేయాల్సిన పనులు, ఉన్నాయని, వాటి వెనక ఒక కథ ఉందని నాకు తెలియడానికి చాలా నెలలు పట్టింది.

అప్పటి నుంచి చీట్లు, ఎక్కడ ఏం చేయాలో చెప్పే గైడ్లు, యూట్యూబ్ వీడియోలు, ఆటల వివరాలు ఆటగాళ్లే రాసిపెట్టే వికీలు అన్నీ వాడాను. వీటి వల్ల ఆట పాడవుతుందా అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదీ: చీట్ల వల్ల నేను పోగొట్టుకున్నది చాలా తక్కువ. గైడ్ల వల్లే ఎక్కువ పోయింది.

నెట్ సెంటర్ సంగతే చూడండి. జేబులో ఉన్నది ఒక్క గంటకు సరిపోయే డబ్బు. సేవ్ చేసుకున్నా రేపటికి దాని మీద ఇంకెవరో సేవ్ చేసేస్తారు. అలాంటప్పుడు ఒకే మిషన్‌లో అరగంట సేపు ఓడిపోతూ కూర్చోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? ట్యాంకెక్కి బీచ్ రోడ్డంతా తిరిగితే ఇచ్చిన డబ్బుకు తృప్తిగా ఉండేది. 2006లో ఇంట్లో కంప్యూటర్ కొన్నాక అదే ఆటను ఒక్క చీటూ లేకుండా మొదటి నుంచి ఆడాను. కథంతా నాకు కొత్తగానే ఉంది. చీట్లు అందులోంచి ఏమీ పట్టుకుపోలేదు.

డెమాలిషన్ మ్యాన్ అనే మిషన్ దగ్గర మొదటిసారి గైడ్ విలువ తెలిసింది. వైస్ సిటీ ఆడినవాళ్లకి ఆ పేరు చెబితే చాలు. రిమోట్ హెలికాప్టర్‌తో, ఇంకా కడుతున్న బిల్డింగ్‌లోకి నాలుగు బాంబులు మోసుకెళ్లాలి, అదీ టైమ్ లోపల. గోడ మీది కాగితం ఇక్కడ పనికిరాలేదు. మూడు రోజులు ఓడిపోయాక క్లాస్‌మేట్ ఒకడు చెప్పాడు: "మొదటి బాంబు ఎత్తేదాకా టైమ్ మొదలవదురా. ముందు తీరిగ్గా లోపలికెళ్లి అడ్డమొచ్చేవాళ్లని చంపేసి, దారి చూసుకుని రా." ఆ మాట విన్నాక కూడా ఇంకో ఐదారుసార్లు ఓడాను, నంప్యాడ్ మీద వేళ్లు కుదురుకునేదాకా. కొత్త ఊళ్లో ఎవరినో దారి అడిగితే చెప్పినట్టు ఉంది, అంతే. బండి నడపాల్సింది నేనే.

చీట్ నన్ను నిజంగా దెబ్బ తీసింది ఒక్కసారే. జీటీఏలోనే ఇంకో ఆట శాన్ ఆండ్రియాస్‌లో రోడ్డు మీద జనం కొట్టుకునేలా చేసే కోడ్ ఒకటి కొట్టి, ఆలోచించకుండా సేవ్ చేశాను. కథ చాలా దూరం నడిచాక మ్యాడ్ డాగ్ అనే పాత్ర మేడ అంచున నిలబడి దూకబోతుంటాడు. కింద అట్టపెట్టెల లారీ పెట్టి అతన్ని కాపాడాలి. నా ఆటలో నేను లారీ దగ్గరికి చేరేలోపే దూకేసేవాడు. ప్రతిసారీ అంతే. అది ఆ చీట్ ప్రభావమని తర్వాత తెలిసింది. పాత సేవ్ లేదు, ఆటంతా మళ్లీ మొదటి నుంచి ఆడాను. ఈ కోడ్లు వాడాలనుకునేవాళ్లు దయచేసి వేరే స్లాట్‌లో సేవ్ చేసుకోండి.

అసలు వీటిలో అన్నిటికన్నా పేరు పడ్డ చీట్ ఆటగాళ్ల కోసం పుట్టింది కాదు. 1986లో గ్రాడియస్ ఆటను ఇంట్లో ఆడే మెషీన్‌కి మార్చే పనిలో ఉన్న కజుహిసా హషిమోతో, టెస్ట్ చేయడానికి ఆట మరీ కష్టంగా ఉందని తన కోసం ఒక బటన్ల వరస పెట్టుకున్నారు. పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఏ. తర్వాత కాంట్రా అనే ఆటలో 30 లైఫులు ఇచ్చింది ఆ వరసే.

ఇక నాకు ఇప్పటికీ బాధ కలిగించే సంగతి. 2019లో వచ్చిన ఔటర్ వైల్డ్స్ అనే ఆటని, అంతరిక్ష ఓడలో గ్రహాలన్నీ తిరిగేదాన్ని, నేను 2021లో ఆడాను. 22 నిమిషాలకు సూర్యుడు పేలిపోతాడు, మళ్లీ మొదటికొస్తాం. ఈ ఆటలో మన బలం పెరగదు, కొత్త ఆయుధం దొరకదు. పెరిగేది మనకు తెలిసింది ఒక్కటే. చివరిదాకా వెళ్లడానికి కావలసినవన్నీ మొదటి నుంచే మన దగ్గర ఉంటాయి, ఎలా వెళ్లాలో తెలియదు, అంతే. ఒక చోట నాలుగు రాత్రులు ఇరుక్కుపోయాను. ఐదో రాత్రి విసుగొచ్చి వీడియో పెట్టాను. ఒక్క నిమిషం కూడా చూడలేదు, జవాబు తెలిసిపోయింది. ఆ జవాబు నేను రెండు రోజుల ముందే చదివిన ఒక వాక్యంలో ఉంది. నా ఓడలోని లాగ్‌లో కూడా ఉంది. ఇంకొక్క రాత్రి కూర్చుని ఉంటే నాకే తట్టేదేమో.

అది ఏ గ్రహమో ఇక్కడ చెప్పను. ఇంకా ఆడనివాళ్లు ఉంటారు.

ట్యాంకు వద్దనుకుంటే దిగిపోవచ్చు. కానీ ఆ వీడియోలో చూసింది నా బుర్రలోంచి తీసేయలేను. ఆటను అన్‌ఇన్‌స్టాల్ చేసి, పదేళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టినా ఆ తలుపు ఎలా తెరుచుకుంటుందో నాకు తెలుసు. అది కనిపెట్టే అవకాశం ఒక మనిషికి ఒక్కసారే వస్తుంది. నాది అయిపోయింది.

ఎల్డెన్ రింగ్ అనే చాలా కష్టమైన ఆటలో మాత్రం గైడ్ లేకపోతే నేను వదిలేసేవాడిని. పిల్లలు పడుకున్నాక, రాత్రి పదిన్నర దాటాక నాకు దొరికేది ఒక గంట. మార్గిట్ అనే పెద్ద శత్రువు దగ్గర వారం పోయింది. ముందు దక్షిణాన ఉన్న వీపింగ్ పెనిన్సులా అనే ప్రాంతం తిరిగి లెవెల్ పెంచుకుని రమ్మని గైడ్‌లో ఉంది, వెళ్లాను. తిరిగొచ్చాక కూడా, కర్ర ఎత్తి ఆగి ఆగి కొట్టే అతని దెబ్బకి ఎప్పుడు పక్కకి దొర్లాలో నా వేళ్లే నేర్చుకోవాల్సి వచ్చింది. గెలిచాక అరిచిన అరుపుకి మా ఆవిడ లేచి వచ్చింది. ఆ ఆనందంలో గైడ్ వాటా ఏమీ లేదు. ఇక ఆ ఆటలో దారిలో కలిసే పాత్రలు ఎక్కడికి పోతాయో రాసిపెట్టే జాబితా లేదు. ఆట వచ్చిన నెలలోపే, 2022 మార్చిలో, తయారుచేసినవాళ్లే వాళ్ల పేర్లు మ్యాప్ మీద కనిపించేలా అప్‌డేట్ ఇచ్చారు. కాబట్టి ఆ విషయంలో వికీ తెరిచినందుకు నాకు ఏ బాధా లేదు.

వ్యవసాయం చేసుకునే ఆట స్టార్‌డ్యూ వ్యాలీ కథ వేరు. మా పాపకి తొమ్మిదేళ్లప్పుడు నేర్పాను. ఇంటి చుట్టూ తులిప్ పూలు, మధ్యలో నాలుగు బంగాళాదుంప మొక్కలు వేసుకుని, రోజూ నీళ్లు పోసి, ఊళ్లో అందరికీ పూలు ఇచ్చొచ్చేది. ఒకరోజు, "నాన్నా, ఏ విత్తనం వేస్తే ఎక్కువ డబ్బొస్తుంది?" అని అడిగింది. నేను ఉత్సాహంగా వికీ తెరిచాను. వసంతం 13వ తేదీ గుడ్ల పండగలో స్ట్రాబెర్రీ విత్తనాలు దొరుకుతాయి, అదే రాత్రి నాటితే 28 రోజుల నెలలో రెండు కోతలు వస్తాయి, ఒక్కో విత్తనం 100 బంగారం, ఇన్ని కొంటే ఇంత మిగులుతుంది అని కాగితం మీద లెక్క వేసి ఇచ్చాను. తులిప్‌లు పీకేసి పొలమంతా స్ట్రాబెర్రీ వేసింది. డబ్బు బాగానే వచ్చింది. వారం తర్వాత ఆడటం మానేసింది. ఎందుకమ్మా అంటే, "హోంవర్క్‌లా ఉంది నాన్నా" అంది.

పాప అడిగింది చిన్న ప్రశ్న. నేను ఆమె ఆటనే మార్చేశాను. ఆ కాగితం ఇంకా నా డ్రాయర్‌లో ఉంది.

ఆటలోనే పెట్టే సాయాల్లో నాకు బాగా నచ్చింది హేడిస్ అనే ఆటలోని గాడ్ మోడ్. ఆన్ చేయగానే తగిలే దెబ్బ 20 శాతం తగ్గుతుంది, చచ్చిన ప్రతిసారీ ఇంకో 2 శాతం, అలా 80 దాకా. కథలో ఏదీ ఆగదు, ఎవరూ తక్కువ చేసి మాట్లాడరు. మనం పడ్డ ప్రతి ఓటమీ లెక్కలోకి వస్తుంది. ఉద్యోగం చేసుకుంటూ ఆడేవాళ్లు మొహమాటం లేకుండా ఆన్ చేసుకోవచ్చు.

ఇదంతా ఒంటరిగా ఆడే ఆటల గురించే. ఆన్‌లైన్‌లో నలుగురితో ఆడే బీజీఎంఐ లాంటి కాల్పుల ఆటల్లో హ్యాక్ వాడటం అవతలివాడి గంటను దొంగిలించడం. నా దృష్టిలో దానికి ఈ సమీక్షలో చోటు లేదు.

ఇప్పుడు రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ అనే ఆట ఆడుతున్నాను. 1807లో తీరానికి ఖాళీగా తేలి వచ్చిన ఓడ, అందులో ఒకప్పుడు ఉన్న 60 మంది పేర్లు, ఒక్కొక్కరికీ ఏమైందో తేల్చాలి. ముగ్గురి సంగతి సరిగ్గా రాస్తేనే ఆట అవునంటుంది. దీనికి గైడ్ అంటే 60 జవాబుల పట్టికే, కాబట్టి ఆడేటప్పుడు ఫోన్ పక్కగదిలో పెడుతున్నాను. ఒక రూళ్ల పుస్తకం కొని, ఎవరి బూట్లు ఎలా ఉన్నాయి, ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారు అని రాసుకుంటున్నాను. పాప కూడా పక్కన కూర్చుని, "ఆ టోపీ ఆయన ఇందాక వంటగది దగ్గర ఉన్నాడు నాన్నా" అంటూ చూపిస్తోంది. నిన్న రాత్రికి 33 మంది తేలారు.