ఐదొందల లోపు జేబు కాంటా: రెండేళ్ల వాడకం, మధ్యలో ఒక దొంగతనం కేసు

రెండేళ్ల కిందట ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న చిన్న డిజిటల్ కాంటా ఇది. 200 గ్రాముల దాకా తూస్తుంది, 0.01 గ్రాము తేడా కూడా చూపిస్తుంది. ఐదొందల లోపే పడింది. అచ్చం ఇలాంటిదే వేరే వేరే పేర్లతో దొరుకుతోంది కాబట్టి బ్రాండు పేరు రాయడం లేదు. నేను హనుమకొండలో ఫిజికల్ సైన్స్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. పాత నాణేలు పోగుచేయడం ముప్పై ఏళ్ల అలవాటు. ఇంట్లో నాలుగు వెండి రూపాయలున్నా సరే, ఇలాంటి కాంటా ఒకటి కొనుక్కోండి అంటాను. ఎందుకో తెలియాలంటే మా వెనక వీధి పెద్దమ్మ సంగతి చెప్పాలి.

ఆమె దగ్గర అత్తగారు ఇచ్చిన 23 వెండి రూపాయలు ఉండేవి. ఏటా దీపావళికి లక్ష్మీపూజలో పెట్టి, పసుపు కుంకుమ అద్ది, మళ్లీ మూటకట్టి బీరువాలో దాచేది. ఒకరోజు ఆ మూట పట్టుకొచ్చి, "సారూ, ఇవి అసలు వెండివేనా, జర చూడుండ్రి" అంది. అప్పటికి కాంటా వచ్చి వారమే అయింది. ఒక్కో బిళ్ళనూ తూచి నోటుబుక్కులో రాసుకున్నాను, ఫోన్‌తో రెండు వైపులా ఫొటోలు తీశాను.

అందులో 17 కల్దార్లు, 6 చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయలు. నిజాం రాజ్యంలో బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనేవాళ్లు, ఇక్కడి ఈ చార్మినార్ రూపాయిని హాలీ సిక్కా అనేవాళ్లు. ఏడు హాలీలకు ఆరు కల్దార్ల మారకం. కల్దార్ కొత్తగా ఉన్నప్పుడు 11.66 గ్రాములు, వెయ్యికి 917 పాళ్లు వెండి. హాలీ 11.18 గ్రాములు, 818 పాళ్లు. చేతులు మారి మారి అరిగాక ఒకటి 11.58 తూగుతుంది, ఇంకొకటి 11.49. కాంటా రెండో దశాంశం దాకా చూపించడం వల్ల దాదాపు ప్రతి బిళ్ళకూ తనదంటూ ఒక అంకె వచ్చింది. అప్పుడు అది నా సరదా కోసమే రాసుకున్నాను.

మరుసటి దసరాకు ఆమె కొడుకు దగ్గరికి వెళ్లినప్పుడు తాళం పగిలింది. మూట పోయింది. చాలా నెలల తర్వాత దొంగ దొరికాడు. అతను అమ్మిన వెండి దుకాణంలో పోలీసులకు ఒకే సంచిలో 61 పాత రూపాయలు దొరికాయి. ఎవరెవరివో అన్నీ కలిసిపోయాయి. ఎస్సై ఫోన్ చేసి, "సార్, మీరు పాత నాణేలు చూస్తారట కదా, ఒక్కసారి స్టేషన్‌కు రాగలరా? పెద్దమ్మ గుర్తుపట్టలేకపోతున్నారు, మాకేమో అన్నీ ఒక్కలాగే కనిపిస్తున్నాయి" అన్నారు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. నేను పొరపాటున ఒక బిళ్ళ ఆమెది అంటే, అది ఇంకొకరి ఇంటిది కావచ్చు.

కాంటా, పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, అయస్కాంతం, ప్లాస్టిక్ కప్పు, దారం, నోటుబుక్కు తీసుకెళ్లాను. ముందు ఫ్యాన్ ఆపించాను, గాలికి ఈ కాంటా అంకెలు ఊగుతాయి. 2011లో వచ్చిన డిజైన్ ఐదు రూపాయల బిళ్ళ ఒక్కోటి 6 గ్రాములు. అలాంటివి ఐదు పెడితే 29.99 చూపించింది. అక్కడికి కాస్త ధైర్యం వచ్చింది.

1947 రూపాయి ఒకటి అయస్కాంతానికి అతుక్కుంది, వెనక పులి బొమ్మ ఉండేది. అది నికెల్. మిగతావాటికి నీళ్ల పరీక్ష. కప్పులో నీళ్లు పోసి కాంటా మీద పెట్టి, టేర్ నొక్కి సున్నా చేయాలి. తర్వాత బిళ్ళను దారానికి కట్టి, అడుగుకు తగలకుండా నీళ్లలో వేలాడదీయాలి. కాంటా ఎన్ని గ్రాములు చూపిస్తే బిళ్ళ ఘనపరిమాణం అన్ని ఘన సెంటీమీటర్లు. గాలిలో తూగిన బరువును దాంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. గాలిలో 11.48 తూగిన కల్దార్ నీళ్లలో 1.11 చూపిస్తే సాంద్రత 10.3, అంటే వెండి లెక్కకు సరిపోయినట్టే. నాలుగు బిళ్ళలు మాత్రం 8.6 దగ్గర ఆగాయి. పైన వెండి పూత, లోపల ఇత్తడి లాంటిదేదో. ఆర్కిమెడిస్ సూత్రాన్ని ఏళ్ల తరబడి బోర్డు మీద చెప్పాను, పోలీస్ స్టేషన్ బల్ల మీద చేసి చూపించడం అదే మొదలు.

అసలు కష్టం 1918 నాటి రూపాయి బిళ్ళలతో వచ్చింది. సంచిలో తొమ్మిది ఉన్నాయి, నా నోటుబుక్కులో నాలుగు. వెనక వైపు కింద తామరపువ్వు దగ్గర చిన్న చుక్క ఉంటే బొంబాయి టంకశాల, లేకపోతే కలకత్తా. పెద్దమ్మవి నాలుగూ బొంబాయివే. తొమ్మిదిలో చుక్క ఉన్నవి ఆరు. ఆ ఆరింటిలో బరువు కలిసినవి నాలుగే. ఒకదానికి రాజు చెవి దగ్గర గాటు, ఫొటోలో ఉన్నట్టే ఉంది. దుకాణంలో బిళ్ళలన్నీ దేంతోనో తోమి మెరిపించారు. అయినా అంచు మీది సన్నటి గీతల్లో పసుపు మిగిలింది. కానిస్టేబుల్ కూడా భూతద్దంలోంచి చూసి, "అవును సార్, పసుపే" అన్నాడు. మొత్తం మీద 22 కలిశాయి.

పంచనామాకు నా కాంటా అంకెలు రాయలేదు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కాంటా మీద పంచుల ముందు మళ్లీ తూచారు, అదే సరైన పద్ధతి. నాకు ఆనందమైన విషయం ఏమిటంటే, ఆ కాంటాకూ నాదానికీ ఎక్కడా 0.02 గ్రాము కంటే ఎక్కువ తేడా రాలేదు. నా దగ్గర సర్టిఫికెట్ ఏదీ లేదని ఎస్సైకి ముందే చెప్పాను. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 39 కింద ఒక విషయంలో ప్రత్యేక నైపుణ్యం ఉన్నవాళ్ల అభిప్రాయాన్ని కోర్టు పరిగణించవచ్చని చెప్పి, నా వాంగ్మూలం రాసుకున్నారు.

లోపాలూ ఉన్నాయి. నిమిషం కదలకపోతే దానంతటదే ఆగిపోతుంది. నీళ్ల పరీక్షలో దారం సర్దుకునే లోపే ఆగి, మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తుంది. సరిచూసుకోవడానికి కావాల్సిన 100 గ్రాముల తూకంరాయి డబ్బాలో ఇవ్వలేదు, విడిగా కొన్నాను. దాని గురించి రెండుసార్లు మెయిల్ పెట్టినా జవాబు రాలేదు. బ్యాటరీ తగ్గితే అంకెలు జారిపోతాయి కానీ హెచ్చరిక ఏదీ చూపించదు. స్టీలు గ్లాసు పెడితే నీళ్లతో కలిపి 200 దాటే ప్రమాదం ఉంది కాబట్టి తేలికైన కప్పే వాడండి. ఇంకొకటి, దీంతో వెండి అవునా కాదా అన్నది తేలుతుంది గానీ 917 పాళ్లా 925 పాళ్లా అన్నది తేలదు. ఐదుకు నాలుగు ఇస్తాను.

కోర్టు ఉత్తర్వు మీద 22 బిళ్ళలు పెద్దమ్మ చేతికి వచ్చాయి. ఇంకా దొరకనిది ఒక చార్మినార్ రూపాయి. బరువు 11.02 గ్రాములు, చార్మినార్ బొమ్మ తలుపులో ఉర్దూ అక్షరం 'ఐన్', పైన తాడు కోసం చేసిన రంధ్రాన్ని వెండితో పూడ్చిన గుర్తు ఉంటుంది. ఎవరి చేతికైనా వస్తే కరిగించకండి, తోమకండి, దగ్గరి స్టేషన్‌లో చెప్పండి.