ఫొటోల్లో చూసి అమర్చుకున్న పనిమూల: ఏడేళ్ల వాడకం తరువాత

చిత్రాలు గీయడం వృత్తిగా ఉన్న నేను, పడకగది కిటికీ పక్కన ఆరడుగుల వెడల్పూ ఏడడుగుల పొడవూ ఉన్న ఒక మూలను పనిచోటుగా మార్చుకొని ఏడేళ్లయింది. అదంతా నా బుర్రలో పుట్టిన అమరిక కాదు. రచయిత్రులు, చిత్రకారిణులు, ఆర్కిటెక్టులు పనిచేసిన గదుల ఫొటోలను నెలల తరబడి చూసి, నచ్చినవాటిని ఒక్కొక్కటిగా తెచ్చిపెట్టుకున్నాను. వాటిలో రోజువారీ పనికి నిలిచినవేవో, చూడటానికి మాత్రమే బాగున్నవేవో ఇప్పుడు నిక్కచ్చిగా చెప్పగలను.

మొదట తప్పటడుగు వేసింది బల్ల విషయంలో. పెద్ద బల్ల ఉంటే పెద్ద పని సాగుతుందనుకొని ఐదడుగులది కొన్నాను. రెండు నెలలు తిరగకుండానే అందులో సగం పాత చిత్తుబొమ్మలూ, ఎండిపోయిన రంగు ట్యూబులూ, ఇంట్లోవాళ్లు వచ్చిపోతూ పడేసే తాళాలూ రసీదులూ ఆక్రమించాయి. ఇంగ్లండులోని చాటన్ ఊళ్లో, నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ 1809 నుంచి నివసించిన ఇంట్లో, ఆమె రాసుకున్న బల్ల ఇప్పటికీ ఉంది. పన్నెండు భుజాల ఆ వాల్‌నట్ చెక్క మీద కాగితమూ సిరాబుడ్డీ పెడితే ఇంక చోటు మిగలదనిపిస్తుంది. ఆ ధైర్యంతో పెద్ద బల్ల తీసేసి మూడడుగులది వేసుకున్నాను. 297 × 420 మిల్లీమీటర్ల ఏ3 కాగితం బిగించిన పలకా, రంగుల పళ్లెమూ, రెండు నీళ్ల గిన్నెలూ దాని మీద పడతాయి, ఇంకో వస్తువుకు చోటుండదు. ఏడేళ్లలో నేను చేసిన మార్పుల్లో ఇదే అన్నింటికన్నా ఎక్కువ ఫలితమిచ్చింది.

ఎక్కువ నేర్పింది మాత్రం ఒక వంటగది. ఆస్ట్రియా ఆర్కిటెక్టు మార్గరెటె షూటే-లిహోట్స్కీ 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు ఇళ్ల కోసం రూపొందించిన ‘ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది’ సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు మాత్రమే ఉండేది. రైలు భోజనపు పెట్టెల్లోని ఇరుకు వంటగదులను గమనించి, మనిషి వేసే అడుగులను లెక్కగట్టి, తిరిగే స్టూలూ, పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులూ అందులో అమర్చారు. నేనూ ఒక వారం పాటు కుర్చీలోంచి ఎందుకు లేస్తున్నానో కాగితం మీద గీతలు పెట్టుకున్నాను. మురికి నీళ్లు పారబోసి తెచ్చుకోవడానికే రోజుకు పదీ పన్నెండు సార్లు లేస్తున్నానని తేలింది. బల్ల కింద ఒక మూత బకెట్టూ, పక్కన ఒక జగ్గూ పెట్టాక ఆ లేవడం రెండు సార్లకు తగ్గింది. అయితే ఒకరే పనిచేసే చోటుగా కట్టడంతో స్త్రీ అందులో ఒంటరిదైపోయిందని ఆ వంటగది మీద తరువాత వచ్చిన విమర్శ నా మూలకూ వర్తిస్తుంది. పాప వచ్చి పక్కన కూర్చుంటానంటే స్టూలు వేయడానికి జాగా లేదు.

ఫొటోలను గుడ్డిగా నమ్మి నష్టపోయింది కుంచెల దగ్గర. గాజు కూజాలో పువ్వుల్లా నిలబెట్టిన కుంచెలు చూడముచ్చటగా ఉంటాయని కడిగిన తడి కుంచెలను అలాగే పెట్టేదాన్ని. నీరు వెంట్రుకల మీదుగా లోహపు పట్టీలోకి దిగి, లోపలి జిగురును నానబెట్టింది. గీస్తుండగా నీలం పూత మధ్యలో ఒక వెంట్రుక ఊడి అంటుకుపోయేదాకా నాకు సంగతి తెలియలేదు. అప్పటికే రెండు మంచి కుంచెలు పాడయ్యాయి. ఇప్పుడు గుడ్డ మీద పడుకోబెట్టి ఆరబెట్టాకే కూజాలోకి చేరుస్తున్నాను.

ఆర్కిటెక్టు ఐలీన్ గ్రే దక్షిణ ఫ్రాన్స్ సముద్రతీరంలో 1929 నాటికి పూర్తిచేసిన ఇ-1027 ఇంటి కోసం గీసిన గుండ్రటి గాజుబల్ల మీద నాకు చాలా మోజు. అలాంటి నమూనాలో చేసినదొకటి కొన్నాను. బల్ల పాదం మంచం కిందికి దూరుతుంది, ఎత్తు మార్చుకోవచ్చు. ఒళ్లు బాగోలేని రోజుల్లో మంచం మీదే పనిచేసుకోనిచ్చిన వస్తువు అదొక్కటే. కానీ పలకను మోసే గొట్టం ఒక పక్కనే ఉండటం వల్ల నా దగ్గరున్నది అంచున చెయ్యి ఆనిస్తే కొద్దిగా ఊగుతుంది. సన్నగీత గీయడానికి పనికిరాదు, చూసి గీసే బొమ్మలు పెట్టుకోవడానికి సరిపోతుంది. ఎత్తును నిలిపే మేకు గొలుసు మూడో ఏట తెగింది, తాడుతో కట్టుకున్నాను.

వెలుతురు సంగతి క్లుప్తంగా చెబుతాను. కుడిచేతి వాటం కాబట్టి కిటికీ ఎడమవైపున ఉండేలా బల్ల తిప్పుకున్నాను, చేతి నీడ గీత మీద పడటం ఆగింది. ముచ్చటపడి పసుపు వేయించిన గోడ తన రంగును కాగితం మీదికి ప్రతిఫలించి నన్ను తప్పుదోవ పట్టించేది. ఇక్కడ సరిగ్గా కనిపించిన నీలం పక్క గదిలోకి తీసుకెళ్తే వేరేగా ఉండేది. తెల్ల సున్నమూ, సీఆర్‌ఐ (దీపపు వెలుతురులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే, 100 గరిష్ఠంగా ఉన్న కొలమానం) 90కి పైనున్న దీపమూ వచ్చాక ఆ గొడవ చాలావరకు తీరింది.

గోడకు కొట్టిన ప్రేరణ బోర్డును రెండో ఏడే పీకేశాను. ఇతరుల గదుల బొమ్మలు ఎదురుగా వేలాడుతుంటే గీయడం మాని గది సర్దుకుంటూ కూర్చునేదాన్ని. బోర్డు పోయిన చోట గోడకు మడిచిపెట్టే చిన్న పలక ఒకటి బిగించాలని కొలతలు తీసుకున్నాను. దాని ముందు పాప స్టూలు పడుతుంది.