వాకమ్ ఇన్‌ట్యూస్ మీడియం: తెలుగు అక్షరాలు రాసేవారి వైపు నుంచి

పెళ్లి శుభలేఖలకూ, పుస్తకాల ముఖచిత్రాలకూ తెలుగు అక్షరాలు చేత్తో రాసి ఇవ్వడం నా వృత్తి. ఆ పనికి మూడేళ్లుగా నేను వాడుతున్నది వాకమ్ సంస్థ 2018లో తెచ్చిన ఇన్‌ట్యూస్ టాబ్లెట్లలోని మీడియం సైజు. ఇది కంప్యూటర్‌కు తగిలించుకొనే తెర లేని పలక; దాని మీద పెన్నుతో రాస్తే గీత కంప్యూటర్ తెర మీద వస్తుంది. ఇలాంటి టాబ్లెట్ల గురించి చెప్పేవారిలో ఎక్కువమంది బొమ్మలు వేసేవారే కాబట్టి, అక్షరాలు రాసే చేతికి ఇది ఎంతవరకు పనికొస్తుందో చెప్పాలనిపించింది.

శుభలేఖ మీద రాసే ‘శ్రీ’నే తీసుకోండి. మౌసుతో గీయాలంటే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో వంపు గీతలకు వాడే పెన్ టూల్ తీసుకొని, గీత వంపు తిరిగే ప్రతిచోటా ఒక బిందువు పెట్టి, దాన్ని అటూ ఇటూ లాగి సరిచేసుకుంటూ పోవాలి. శకారపు మెలిక, పైన గుడిదీర్ఘం, కింద చుట్టుకొనే క్రారవడి పూర్తయ్యేసరికి నాకు గంట పట్టేది. అంత చేసినా అక్షరం బిగుసుకుపోయినట్లు కనిపించేది. పెన్నుతో అయితే క్రారవడిని ఒక్క ఊపులో వేయవచ్చు. మొదట తేలికగా ఆనించి, అడుగున మలుపు దగ్గర నొక్కి, చివరికొచ్చేసరికి చేతిని మెల్లగా పైకి తేలిస్తే తోక వెంట్రుకంత సన్నమై ఆగుతుంది. నొక్కినచోట లావు, వదిలినచోట సన్నం. మన అక్షరాలకు ఒయ్యారం వచ్చేది ఆ లావు సన్నాల వల్లే కాబట్టి, ఈ ఒక్క సంగతి కోసమే ఈ పనిలో ఉన్నవారు టాబ్లెట్ కొనుక్కోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ పెన్నులో బ్యాటరీ ఉండదు. టాబ్లెట్ ఉపరితలం కింద ఉన్న తీగల అల్లిక విద్యుదయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. పెన్నులోని చిన్న తీగచుట్ట ఆ శక్తినే అందుకొని తిరిగి సంకేతం పంపుతుంది. పెన్ను ఎక్కడుందో, ఎంత బరువుగా ఆనుతోందో దాన్నిబట్టి టాబ్లెట్ లెక్క కడుతుంది. ఇంతకుముందు నా దగ్గరున్న వేరొక కంపెనీ టాబ్లెట్ పెన్నులో సన్న బ్యాటరీ వేయాల్సి వచ్చేది. తెల్లవారేసరికి అచ్చుకు పంపాల్సిన ముఖచిత్రం సగంలో ఉండగా ఆ బ్యాటరీ అయిపోయిన రాత్రి నాకింకా గుర్తుంది. బ్యాటరీ లేకపోవడం వల్ల పెన్ను బరువు కూడా తగ్గింది; నాలుగైదు గంటలు వరుసగా రాసేవారికి ఆ తేడా వేళ్లకే తెలుస్తుంది.

ఒత్తిడిని ఇది 4096 స్థాయిలలో గుర్తిస్తుంది. 8192 స్థాయిలని చెప్పే టాబ్లెట్లూ మార్కెట్లో ఉన్నాయి గానీ, ఆ అంకెను చూసి కొనవద్దని నా మనవి. ఎంత తేలికగా ఆనిస్తే గీత మొదలవుతుంది, నొక్కేకొద్దీ ఎంత క్రమంగా లావెక్కుతుంది అన్నవే అక్షరంలో కనిపిస్తాయి. ఈ రెంటిలోనూ ఇన్‌ట్యూస్ నన్ను నిరాశపరచలేదు. డ్రైవర్‌లో (అంటే టాబ్లెట్‌ను కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్‌లో) నిబ్బు మెత్తదనాన్ని సరిచేసుకొనే మీట ఒకటుంది. దాన్ని మెత్తని వైపు రెండడుగులు జరిపాక చెయ్యి నొప్పి పుట్టేలా నొక్కాల్సిన పని తప్పింది.

సైజు విషయంలో మాత్రం తొందరపడకండి. చిన్నది చాలని ఒక దుకాణంలో చెబితే నేను మొదట నమ్మాను. 24 అంగుళాల మానిటర్ తెర వెడల్పు సుమారు 53 సెంటీమీటర్లు. ఇన్‌ట్యూస్ చిన్న సైజులో రాసే చోటు వెడల్పు 152 మిల్లీమీటర్లే కాబట్టి పెన్ను ఒక మిల్లీమీటరు కదిలితే తెర మీద గీత మూడున్నర మిల్లీమీటర్లు పోతుంది. 216 మిల్లీమీటర్ల మీడియంలో అది రెండున్నరకు తగ్గుతుంది. చిన్నదాని మీద మణికట్టుతో గీకినట్లు రాయాలి, మీడియం మీద మోచేతి నుంచి చెయ్యి ఆడుతుంది. ‘ఠ’ వంటి నిండు గుండ్రని అక్షరం సాఫీగా రావాలంటే మోచెయ్యి కదలాల్సిందే.

ఆ గుండ్రదనం దగ్గరే నాకు మొదట్లో పెద్ద చిక్కు ఎదురైంది. ఎంత జాగ్రత్తగా సున్న చుట్టినా తెర మీద అది అడ్డంగా సాగిన కోడిగుడ్డులా వచ్చేది. రెండు రోజులు నా చేతినే అనుమానించాక కారణం తెలిసింది: టాబ్లెట్ మీద రాసే చోటు 16:10 నిష్పత్తిలో ఉంటే నా మానిటర్ 16:9లో ఉంది, అందువల్ల గీత అడ్డంగా తొమ్మిదో వంతు సాగుతోంది. డ్రైవర్‌లో ‘ఫోర్స్ ప్రపోర్షన్స్’ అన్న గడిలో టిక్కు పెడితే రాసే చోటు ఎత్తులో ఒక సెంటీమీటరు పైచిలుకు వృథా అవుతుంది గానీ, సున్న సున్నలా వస్తుంది. అలాగే విండోస్ వాడేవారు పెన్నును కాసేపు ఒకేచోట ఆనిస్తే కనిపించే గుండ్రని చక్రాన్ని, అంటే నొక్కిపట్టి రైట్ క్లిక్ చేసే ఏర్పాటును, తీసేయండి. లేకపోతే నిదానంగా మొదలుపెట్టే ప్రతి గీతా తడబడుతుంది.

చూపు తెర మీద, చెయ్యి బల్ల మీద ఉంచి రాయడం అలవాటు కావడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. ఆ రోజుల్లో పని ఒప్పుకోకుండా, అ నుంచి క్ష దాకా పలక మీద దిద్దినట్లు రోజూ రాశాను. ఈ ఓపిక లేక వారంలోనే టాబ్లెట్‌ను అటక మీద పెట్టేసినవారిని చూశాను, అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఇందులో లేనివీ ఉన్నాయి. పెన్ను ఎటు వంగి ఉందో ఇది గుర్తించదు. కాబట్టి పాళీని పక్కకు వాల్చి రాసే పద్ధతిని అనుకరించే సాఫ్ట్‌వేర్ బ్రష్షులు దీనితో పూర్తిగా పలకవు. ఆ సౌకర్యమే ముఖ్యమనుకొనేవారు ఇదే ధర శ్రేణిలో హుయాన్, ఎక్స్‌పీ-పెన్ సంస్థల టాబ్లెట్లు కొన్నింటిని చూడవచ్చు. పెన్ను వెనుక చెరిపే కొన కూడా లేదు. నేను టాబ్లెట్ మీదున్న నాలుగు బటన్లలో ఒకటి దానికి కేటాయించాను. బ్లూటూత్ ఉంది గానీ, అక్షరాలు రాసేటప్పుడు నేను కేబుల్‌తోనే వాడతాను.

టాబ్లెట్ ఉపరితలానికి కాగితపు గరుకు ఉంది, ఆ గరుకుకు నిబ్బు అరుగుతుంది. పెన్నును విప్పితే లోపల మూడు విడి నిబ్బులు కనిపిస్తాయి. అరిగిన నిబ్బును వెలుతురుకు పట్టి చూస్తే, నేను పెన్ను పట్టుకొనే వాలుకు సరిగ్గా ఒకపక్క ఉలిలా చదునై ఉంటుంది. రాసేటప్పుడు పెన్ను వేళ్లలో కాస్త తిరిగితే ఆ అంచు గీరుకుంటుంది. అలా అనిపించిన రోజే మారుస్తాను. ఇప్పుడు ఆ మూడింటిలో రెండోది నడుస్తోంది.