డీఎఫ్ఏనా, ఎన్ఎఫ్ఏనా, రెజెక్సా? ఏది మేలు?

ఫ్లాట్ (ఫార్మల్ లాంగ్వేజెస్ అండ్ ఆటోమాటా థియరీ) సబ్జెక్ట్ మొదలవగానే మన విజయవాడ, గుంటూరు కాలేజీల జూనియర్లు అడిగేది ఇదే. "అన్నా, మెషిన్ గీయమంటే డైరెక్ట్‌గా డీఎఫ్ఏ గీసేయాలా, ఎన్ఎఫ్ఏ గీసి మార్చుకోవాలా, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాసుకుని మొదలెట్టాలా?" మెషిన్ అంటే ఇక్కడ స్ట్రింగ్‌ని ఒక్కో సింబల్ చదువుతూ, స్టేట్ నుంచి స్టేట్‌కి బాణాల (ట్రాన్సిషన్ల) మీద కదిలి, చివరికి ఫైనల్ స్టేట్‌లో ఆగితే ఆ స్ట్రింగ్‌ని ఒప్పుకునేది. డీఎఫ్ఏలో ప్రతి స్టేట్ నుంచీ ఒక్కో సింబల్‌కి సరిగ్గా ఒకటే బాణం. ఎన్ఎఫ్ఏలో ఎన్నైనా ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు, ఒక్క దారి ఫైనల్‌కి చేరినా చాలు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (రెజెక్స్) అంటే కావాల్సిన స్ట్రింగ్‌ల ప్యాటర్న్‌ని ఫార్ములాలా రాసేది. మూడింటి పవరూ, అంటే ఏ స్ట్రింగ్‌ల గుంపుల్ని గుర్తించగలవన్నది, ఒకటేగా, ఏదైతే ఏంటి అనేస్తారు చాలామంది. పవర్ ఒకటే, నిజమే. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లూ ఫైనైట్ ఆటోమాటా (పరిమిత స్టేట్ల మెషిన్లు) సమానమని క్లీనీ 1956 లోనే చూపించాడు, 1959 లో రాబిన్, స్కాట్ ఎన్ఎఫ్ఏ తెచ్చి దేన్నైనా డీఎఫ్ఏగా మార్చొచ్చని ప్రూవ్ చేశారు. కానీ మన చేతికి పడే పని మాత్రం ఒకటి కాదు.

మన పిన్ కోడ్‌లే తీసుకోండి. విజయవాడ సిటీవి 520 తో, గుంటూరువి 522 తో మొదలవుతాయి, తర్వాత ఏవో మూడు అంకెలు. రెజెక్స్‌లో అయితే 52, తర్వాత 0 లేదా 2, ఆ తర్వాత మూడు అంకెలు అని ఒక్క లైన్‌లో అయిపోతుంది. ఎన్ఎఫ్ఏకి 7 స్టేట్లు, 34 ట్రాన్సిషన్లు. డీఎఫ్ఏకి డెడ్ స్టేట్ (తప్పు అంకె వస్తే వెళ్లి, ఇక బయటపడలేని స్టేట్) కలిపి 8 స్టేట్లే గానీ ప్రతి స్టేట్ నుంచీ పది అంకెలకీ బాణం ఉండాలి కాబట్టి 80 ట్రాన్సిషన్లు, అందులో ఒకటి మర్చిపోయినా అది డీఎఫ్ఏ కాదు, మార్కులూ పోతాయి.

అసలు తేడా మాత్రం 0, 1 లతో ఉండే స్ట్రింగ్‌లలో "చివరి నుంచి మూడో సింబల్ 1 అవ్వాలి" లాంటి ప్రశ్నలో బయటపడుతుంది. ఎన్ఎఫ్ఏకి 4 స్టేట్లు చాలు, ఏదో ఒక 1 దగ్గర ఇదే ఆ మూడోది అనుకుని ముందుకెళ్లిపోతుంది. డీఎఫ్ఏకి ఆ వెసులుబాటు లేదు, స్ట్రింగ్ ఎక్కడ ఆగిపోతుందో ముందే తెలీదు కాబట్టి చివరి మూడు సింబల్స్ ఎప్పుడూ గుర్తుపెట్టుకోవాలి, అంటే 8 స్టేట్లు, ఎంత మినిమైజ్ చేసినా తగ్గవు. అదే పదోది అంటే ఎన్ఎఫ్ఏకి 11, డీఎఫ్ఏకి 1024! ఇలాంటివి నేరుగా డీఎఫ్ఏ గీయాలనుకోవడం శుద్ధ దండగ.

అలాగని అన్నిటికీ ఎన్ఎఫ్ఏ పట్టుకోకండి. బైనరీ నంబర్ 3 తో భాగించబడాలి అన్నారనుకోండి, శేషం 0, 1, 2 అని మూడు స్టేట్లతో డీఎఫ్ఏ దానంతటదే వచ్చేస్తుంది, ఎన్ఎఫ్ఏ అక్కడ కొత్తగా ఇచ్చేదేం లేదు, దీనికి రెజెక్స్ రాయమంటే మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది.

"ఫలానాది ఉండకూడదు" అనే ప్రశ్నకైతే కళ్లు మూసుకుని డీఎఫ్ఏ. ఫైనల్ స్టేట్లని నాన్‌ఫైనల్ చేసి, నాన్‌ఫైనల్‌ని ఫైనల్ చేస్తే కాంప్లిమెంట్ (ముందు ఒప్పుకోని స్ట్రింగ్‌లన్నీ) వచ్చేస్తుంది. అదే ట్రిక్ ఎన్ఎఫ్ఏ మీద వాడితే మునిగిపోతాం. బీసెంట్ రోడ్డు సందుల్లోకి తలో ఫ్రెండ్‌నీ పంపి ఒక షాపు వెతికించామనుకోండి, ఒక్కడికి దొరికినా ఉన్నట్టే, లేదు అనాలంటే మాత్రం అందరూ ఉత్త చేతుల్తో రావాలి. "1 తో ముగియాలి" అనే రెండు స్టేట్ల ఎన్ఎఫ్ఏలో ఫైనల్స్ తిరగేసి చూడండి, మొదటి స్టేట్‌కి 0 మీదా 1 మీదా లూప్ ఉంది కదా, అది ఫైనల్ అయ్యేసరికి అన్ని స్ట్రింగ్‌లనీ ఒప్పేసుకుంటుంది, 1 తో ముగిసేవాటిని కూడా.

మరి కోడ్‌లో ఏది రన్ చేయాలి? డీఎఫ్ఏ స్పీడ్, ఒక్కో సింబల్‌కి ఒక్క అడుగే, కాకపోతే స్టేట్లు పేలిపోయే భయం. అందుకే కెన్ థాంప్సన్ 1968 లో వేరే దారి చెప్పాడు: రెజెక్స్‌ని ఎన్ఎఫ్ఏగా మార్చి, అది ఇప్పుడు ఏయే స్టేట్లలో ఉండొచ్చో ఆ సెట్‌ని మాత్రమే మోసుకుంటూ పోవడం. నా ఓటు దీనికే. చాలా లాంగ్వేజీల రెజెక్స్ లైబ్రరీలు ఇలా కాకుండా ఒక్కో దారీ వెళ్లి, కుదరకపోతే వెనక్కొచ్చి ఇంకోటి ట్రై చేస్తాయి, కొన్ని ప్యాటర్న్‌లకి ఆ టైమ్ ఎక్స్‌పొనెన్షియల్ అయిపోతుంది. 2019 జూలై 2 న క్లౌడ్‌ఫ్లేర్ (ఎన్నో వెబ్‌సైట్లకి ట్రాఫిక్ మోసే కంపెనీ) పడిపోయింది కూడా వెనక్కీ ముందుకీ తిరిగిన ఇలాంటి ఒక్క రెజెక్స్ వల్లే.

ఇంకోటి, ఈ "ఏదైనా ఒకటే" అనే ధీమా పుష్‌డౌన్ ఆటోమాటా (పీడీఏ, అంటే స్టాక్ కూడా ఉన్న మెషిన్) చాప్టర్‌కి మోసుకెళ్లకండి. సరి పొడవు పాలిండ్రోమ్‌లకి (ఎటు చదివినా ఒకేలా ఉండే స్ట్రింగ్‌లు) నడిమధ్య ఎక్కడో ఊహించాలి, నాన్‌డిటర్మినిస్టిక్ (ఎన్ఎఫ్ఏలా ఊహించగల) పీడీఏ ఆ పని చేస్తుంది, డిటర్మినిస్టిక్ (డీఎఫ్ఏలా ఒకే దారి ఉన్న) పీడీఏ వల్ల కాదు, స్టేట్లు ఎన్ని పెంచినా సరే. ట్యూరింగ్ మెషిన్‌కొచ్చేసరికి (టేప్ మీద ఎంతైనా రాసుకోగలిగేది) మళ్లీ రెండూ సమానం. మధ్యలో ఉన్న లీనియర్ బౌండెడ్ ఆటోమాటాకి (టేప్‌ని ఇన్‌పుట్ పొడవు మేరకే వాడేది) రెండూ సమానమేనా అని కురొడా 1964 లో అడిగాడు, అది ఇప్పటికీ తేలలేదు, కాబట్టి అక్కడ ఏది మేలని నన్నడక్కండి.